ఇంటి వెనక చిట్టడవికి పదేళ్ల ప్లాన్ రాస్తున్నారు, ఏం చెప్పమంటారు? (పెర్త్, ఆస్ట్రేలియా)

ఇసుకదారి:
పెర్త్‌లో ఉన్నవాళ్లు కాస్త చూడండి. మా ఫెన్స్ దాటితే బుష్‌ల్యాండే, 60 హెక్టార్లకు కొంచెం తక్కువ. దానికి వచ్చే పదేళ్ల మేనేజ్‌మెంట్ ప్లాన్ డ్రాఫ్ట్ బయటపెట్టి రెండు నెలల్లో అభిప్రాయాలు పంపమన్నారు. మొత్తం 110 పేజీలు. నలభై దాకా చదివి ఆగిపోయాను, సగం మొక్కల లాటిన్ పేర్లు, మిగతా సగం "తగు చర్యలు తీసుకోబడును" అనే రకం. నాకున్న టెన్షన్ ఒక్కటే, మంటలు. ఇంకా నవంబరే, ఇక్కడ ఎండాకాలం మొదలే కాలేదు, అప్పుడే గడ్డి మోకాలి ఎత్తున ఎండి నిలబడి ఉంది, మా ఆవిడ రాత్రి ఎక్కడ పొగ వాసన వచ్చినా లేచి కూర్చుంటోంది. చల్లగా ఉన్నప్పుడే పద్ధతిగా తగలబెట్టేస్తే పోయేదానికి వీళ్లు ఇంత ఎందుకు ఆలోచిస్తారో తెలీదు. అదే రాసి పంపేద్దామనుకుంటున్నా. ఇంకేమైనా కలపాలా?

రెండుచక్రాలు:
బైక్ ట్రాక్ కావాలని కలపండి అన్నా. ప్లీజ్. ఆ వెనకవైపు ఇసుక గట్టు మలుపు మాకు బంగారం లాంటిది, దాన్ని మూసేస్తామని మ్యాపులో ఎర్రగీత గీశారు.

బంక్సియా_నీడ:
ఇసుకదారి గారూ, పంపేముందు ఒక్క నిమిషం ఆగండి. మీ భయం నిజమైనదే. కానీ ఎండి నిలబడ్డ ఆ గడ్డి ఏమిటో దగ్గరికెళ్లి చూశారా? కంకులు ఎర్రగా వేలాడుతూ, కుదుళ్లు కుదుళ్లుగా ఉంటే అది వెల్డ్ గ్రాస్. దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది, పశువుల మేతకని తెచ్చి వేశారు, ఇక్కడి అడవికి దానితో ఏ సంబంధమూ లేదు. బంక్సియా అంటే ఇక్కడి సొంత చెట్టు, బాగున్న బంక్సియా అడవిలోకి వెళ్తే కింద ఇసుక కనిపిస్తుంది, పొదకీ పొదకీ మధ్య జాగా ఉంటుంది, మంట ఆ జాగాల దగ్గర తడబడుతుంది. ఈ గడ్డి ఆ జాగాలన్నీ పూడ్చేసి మంట నడిచి రావడానికి చాప పరిచినట్టు చేస్తుంది. ఇప్పుడు మీరన్నట్టు తగలబెట్టారనుకోండి, బూడిద దానికి ఎరువు, పైన నీడ పోయింది, తొలి వానకి అందరికన్నా ముందు లేచేది అదే. రెండు మూడేళ్లకి మీ ఫెన్స్ వెనక ఇప్పటికన్నా చిక్కగా ఉంటుంది. నేను పదకొండేళ్లుగా ఇలాంటి ఇంకో చోట వాలంటీరుగా కలుపు తీస్తున్నాను, ఈ తమాషా రెండుసార్లు కళ్లారా చూశాను.

ఇంకో సంగతి. మంట తర్వాత బంక్సియాల్లో మెంజీసీ, అట్టెన్యూయాటా లాంటి రకాలు మోడు నుంచే మళ్లీ చిగురిస్తాయి. ప్రయోనోటిస్ అనే రకం అలా కాదు, మంటకి చెట్టు చచ్చిపోతుంది, కాయలో దాచుకున్న విత్తనం రాలి కొత్త మొక్క రావాల్సిందే. ఆ పిల్ల పెరిగి మళ్లీ విత్తనం దాచుకునేదాకా ఏళ్లు పడుతుంది, ఈలోపల రెండో మంట వచ్చిందంటే ఆ చోట దాని వంశం ఆగిపోయినట్టే. అందుకే ప్లాన్‌లో "ఎప్పుడు తగలబెడతారు" అన్నదానికన్నా "ఒకే చోట రెండు మంటల మధ్య కనీసం ఎన్నేళ్లు వదుల్తారు" అన్నది అడగాలి.

ఇసుకదారి:
అయ్యో, నేను ఆ గడ్డే అడవి అనుకున్నా ఇన్నాళ్లూ. కానీ ఇక్కడి ఆదివాసులు నూంగార్ వాళ్లు వేల ఏళ్లుగా ఇక్కడ నిప్పు పెడుతూనే ఉన్నారు కదా, మరి అది ఎలా కుదిరింది?

బంక్సియా_నీడ:
వాళ్లు పెట్టినప్పుడు వెల్డ్ గ్రాస్ లేదండీ, అదీ సంగతి. పైగా వాళ్లది చిన్న చిన్న ముక్కలుగా, ఏ ఋతువులో ఏ చోట అన్నది తెలిసి చేసే పని. బిరాక్, బునురు, జెరాన్, మకురు, జిల్బా, కంబరాంగ్ అని వాళ్లకి ఆరు ఋతువులు, ఇప్పుడు నడుస్తున్నది కంబరాంగ్. మనం సోమవారం సెలవు చూసుకుని ట్రక్కులు తెచ్చి 20 హెక్టార్లు ఒక్కసారి కాల్చేసి దానికి వాళ్ల పేరు పెట్టడం న్యాయం కాదు. డ్రాఫ్టులో నూంగార్ పెద్దలతో సంప్రదింపు అని ఒక్క పేరా ఉంటుంది చూడండి, ఉంటే గనక, నిప్పు విషయంలో నిర్ణయం తీసుకునే చోట వాళ్లు కూర్చుంటారా లేక చివర్లో కాగితం చూపిస్తారా అని అడగండి.

ఇసుకదారి:
పేరా కూడా కాదు, రెండు వాక్యాలున్నాయి. మరి మా ఇళ్ల గతి?

బంక్సియా_నీడ:
ఇళ్ల వెంబడి ఉన్న పట్టీని వేరుగా చూడాలి, లోపలి అడవిని వేరుగా. మీ ఫెన్స్ అంచు ఎలాగూ గడ్డి పట్టి పోయినదే, అక్కడ కోసుకోవచ్చు, మంటలవాళ్ల బండి తిరిగే దారి ఉంచుకోవచ్చు. లోపల మాత్రం గడ్డిజాతిని మాత్రమే చంపే మందు ఉంది, చలికాలంలో, అంటే ఇక్కడ జూన్, జులైల్లో, గడ్డి పచ్చగా పెరుగుతున్నప్పుడు, కంకి వేయకముందే కొట్టాలి. నవంబర్‌లో కొడితే డబ్బు ఇసుకలో పోసినట్టే. అనుకోకుండా ఎక్కడైనా కాలితే ఆ తర్వాత వచ్చే మొదటి చలికాలం మాత్రం వదలకూడదు, లేత గడ్డి, దారి తెరుచుకుని ఉంటుంది, అంత మంచి అవకాశం మళ్లీ రాదు. కానీ మంట ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి దానికి డబ్బు ముందే పక్కన పెట్టి ఉండాలి. చాలాచోట్ల ఉండదు.

లెక్కలమనిషి:
అక్క అసలు చోటికి వచ్చారు. నేను ఇలాంటి ప్లాన్లు తయారయ్యే ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశాను, ఎక్కడో అడగొద్దు. ప్లాన్ చదివే పద్ధతి చెప్తాను వినండి. మొక్కల పేర్లు, పిట్టల పేర్లు, చరిత్ర, అన్నీ వదిలేయండి, అవి బాగానే రాస్తారు. క్రియలు చూడండి. "కొనసాగిస్తాం", "పరిశీలిస్తాం", "ప్రోత్సహిస్తాం" అని ఉన్నచోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టండి. అవేవీ ఫెయిల్ కాలేవు కదా, పదేళ్ల తర్వాత ఎవడైనా వచ్చి "పరిశీలించారా" అంటే "ఓ, పరిశీలించాం" అనొచ్చు. దానికి బదులు ఇలా ఉండాలి: ఇప్పుడు ఈ మ్యాపులో ఇన్ని హెక్టార్లు "చాలా బాగుంది" స్థాయిలో ఉన్నాయి, అయిదో ఏట అంతకన్నా తగ్గకూడదు, తగ్గితే ఫలానా పని ఆపి ఫలానా పని మొదలుపెడతాం. ఇక్కడ అందరూ వాడే కీగరీ స్కేలు ఉంది, 1994 నాటిది, చెక్కుచెదరని అడవి నుంచి పూర్తిగా పాడైనదాకా ఆరు మెట్లు. ఆ మ్యాపు డ్రాఫ్టులో ఉందా, ఎప్పుడు గీశారు, అది మొదట చూడండి.

డబ్బు సంగతి మరీ ఘోరం. ఒకసారి మా దగ్గర గ్రాంటు వచ్చింది, ఒకే ఏడాదిలో ఖర్చు పెట్టాలి. వేలకొద్దీ మొక్కలు తెచ్చి నాటించాం, పెద్దవాళ్లు వచ్చి ఫొటోలు దిగారు. రెండో ఏడు కలుపు తీయడానికి పైసా లేదు. మూడో వేసవికి నేను వెళ్లి చూస్తే మొక్కల చుట్టూ పెట్టిన ప్లాస్టిక్ గార్డులు మాత్రం వరసగా, పద్ధతిగా నిలబడి ఉన్నాయి, లోపల ఏమీ లేదు. ఆ గార్డులు ఏరడానికి మళ్లీ ఇంకో గ్రాంటు అడిగారు, నిజంగా.

కుక్కపిల్ల_నాన్న:
నా బాధ ఎవరూ అనట్లేదు. నేను రోజూ పొద్దున్నే మా వాడిని అక్కడే తిప్పుతాను. కొత్త డ్రాఫ్టులో కుక్కని గొలుసుతోనే తిప్పాలి, అదీ రెండే దారుల్లో అట. మిగతా పదకొండు కాలిబాటలు మూసేస్తారట. పన్ను కట్టేది మేము, నడిచేది మేము, పార్కేమో పిట్టలకి. మా వాడు లాబ్రడార్, ఎవరినీ ఏమీ అనడు.

రెండుచక్రాలు:
కరెక్ట్ అన్నా.

తెల్లతోక:
గొలుసుతోనైనా రానిస్తున్నారు, సంతోషించండి సార్, ఇక్కడ నేషనల్ పార్కుల్లో కుక్కలకి ప్రవేశమే లేదు. మీ వాడు ఏమీ అనడు, నిజమే కావచ్చు. కానీ కింద పొదల్లో ఉండే క్వెండాకి ఆ సంగతి తెలీదుగా. కుందేలంత ఉంటుంది, ముక్కు పొడుగు, మన పందికొక్కుని చూసినట్టే ఉంటుంది కానీ పిల్లని సంచిలో మోస్తుంది. అది తిండి కోసం రాత్రంతా మట్టి తవ్వుతుంది, ఒక్క క్వెండా ఏడాదికి సుమారు 3.9 టన్నుల మట్టి తిరగేస్తుందని ఇక్కడే కొలిచి లెక్కగట్టారు. నీళ్లు ఇంకడానికి, విత్తనం దిగడానికి అదే నాగలి. అది లేని చిట్టడవిలో పైన ఆకుచెత్త అలా పేరుకుపోతుంది, మళ్లీ మంటల దగ్గరికే వచ్చాం చూశారా.

బంక్సియా_నీడ:
కుక్క మలం గురించి కూడా చెప్పాలి, ఎవరూ నవ్వకండి. ఇక్కడి ఇసుకలో భాస్వరం దాదాపు లేదు. బంక్సియా కుటుంబం మొత్తం ఆ పేదరికానికి అలవాటుపడి, ఉన్న కొంచెం పీల్చుకోడానికి కుచ్చులు కుచ్చులుగా వేళ్లు వేస్తుంది. అలాంటి మొక్కకి భాస్వరం ఎక్కువైతే విషమే. పక్కనున్న కలుపుకి మాత్రం పండగ. దారి అంచుల్లోనే కలుపు ఎందుకు ఎక్కువుంటుందంటే ఒక కారణం అది. కాబట్టి సంచిలో ఎత్తి పట్టుకెళ్లడం మర్యాద కోసమే అనుకోకండి.

కుక్కపిల్ల_నాన్న:
నేను ఎత్తుతాను. అందరూ ఎత్తరు, ఒప్పుకుంటా. కానీ పదకొండు దారులు ఎందుకు మూయాలి, దానికి జవాబు చెప్పండి. అందరినీ రెండు దారుల్లోకి తోస్తే అక్కడ తొక్కిసలాటే.

లెక్కలమనిషి:
ఇది మాత్రం మంచి ప్రశ్న, మీ కామెంట్‌లో ఇలాగే రాయండి. ఆ పదకొండులో అసలు వేసినవి ఎన్ని, జనం అడ్డంగా నడిచి పడినవి ఎన్ని? చాలా చోట్ల ముప్పాతిక దొంగదారులే. దారి మూస్తామని రాయడం తేలిక, జనం ఆ దారి ఎందుకు తొక్కారో కనుక్కోవడం కష్టం. ఎక్కువసార్లు బస్టాపుకో బడికో దగ్గరని తొక్కి ఉంటారు. అలాంటిదాన్ని మూస్తే పక్కనే ఇంకోటి పడుతుంది. ఆ ఒక్కటీ ఉంచి, గట్టి చేసి, మిగతావాటి నోట్లో ఎండుకొమ్మలు అడ్డం పడేస్తే రెండు చలికాలాల్లో కనపడకుండా పోతాయి. బోర్డుకన్నా కొమ్మ బాగా పనిచేస్తుంది, ఇది నా అనుభవం.

ఇసుకదారి:
ప్రతి గేటు దగ్గర బూట్లు రుద్దుకునే బ్రష్ పెడతామని ఒక అధ్యాయమే ఉంది. దానికి అంత ఎందుకు?

బంక్సియా_నీడ:
నవ్వకండి, మొత్తం డ్రాఫ్టులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన అధ్యాయం అదే. డైబ్యాక్ అంటారు. ఫైటోఫ్తొరా సిన్నమోమి, కంటికి కనపడని నీటిబూజు, మట్టిలో ఉంటుంది, వేళ్లు కుళ్లిస్తుంది, నీళ్లు పైకి ఎక్కక చెట్టు నిలబడే ఎండిపోతుంది. ఈ నైరుతి మూల పెరిగే మొక్కజాతుల్లో సుమారు 40 శాతానికి దీని బెడద ఉంది, బంక్సియాలు, జారా చెట్లు ముందు వరసలో. ఒకసారి దిగితే మట్టిలోంచి తీసేసే మందు లేదు. ఫాస్ఫైట్ అని ఒకటి కాండంలోకి ఎక్కిస్తారు లేదా ఆకుల మీద చల్లుతారు, అది చెట్టుకి తట్టుకునే శక్తి ఇస్తుంది తప్ప జబ్బుని చంపదు, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. ఇదంతా ఒక ముద్ద తడిమట్టి బూటుకో టైరుకో అంటుకుని వస్తే చాలు. రెండుచక్రాలు తమ్ముడూ, నీకే చెప్తున్నా. వాన పడిన మర్నాడు కొండల్లో తొక్కి అదే టైర్లతో ఇక్కడికి రావద్దు.

రెండుచక్రాలు:
ఎండిన మట్టి దులిపితే సరిపోదా?

బంక్సియా_నీడ:
ముందు దులపాలి, పూర్తిగా, టైరు గాళ్లలోంచి కూడా. ఆ తర్వాత మిథిలేటెడ్ స్పిరిట్ కొట్టాలి. మట్టి ఉండగానే స్పిరిట్ కొడితే ప్రయోజనం లేదు.

సున్నపురాయి:
చిన్న సవరణ, కోపం తెచ్చుకోకండి. సిన్నమోమి గోల సముద్రం వైపు సున్నపు ఇసుకల్లో తక్కువ, అక్కడ దానికి అంత అనుకూలం కాదు. ఇసుకదారి గారి పార్కు ఎటువైపు ఉందో దాన్నిబట్టి. కానీ అలాంటి నేలలో మల్టీవోరా అనే ఇంకో ఫైటోఫ్తొరా ఉంది, 2009లో పేరు పెట్టారు, అది టువార్ట్ చెట్లని పట్టుకుంటుంది. ప్లాన్‌లో "డైబ్యాక్" అని ఒకే మాట రాసి వదిలేశారేమో చూడండి. మట్టి పరీక్ష చేయించి మ్యాపు వేశారా, వేస్తే ఏ ఏడు వేశారు? మూడేళ్ల పాత మ్యాపుతో ఏ గేటు తెరవాలో తేల్చడం కళ్లకి గంతలు కట్టుకుని నడవడమే.

బంక్సియా_నీడ:
కోపమెందుకండీ, నిజమే. నాకు తెలిసినవన్నీ లోపలివైపు బూడిదరంగు ఇసుకలు, అందుకే అలా చెప్పేశాను. టువార్ట్ అయితే బంక్సియా లెక్కలు అలాగే వర్తించవు.

ఇసుకదారి:
మాది లోపలివైపే. ఒక మాట అడుగుతా, తిట్టకండి. కింగ్స్ పార్క్ అంటే అర్థమైంది, 400 హెక్టార్లు, ఊరి నడిబొడ్డున. బోల్డ్ పార్క్ 437. వాటికి చట్టం, సైంటిస్టులు, అన్నీ ఉన్నాయి. ఈ 60 హెక్టార్ల ముక్క నిజంగా అంత విలువైనదా, లేక మనం అనవసరంగా హడావిడి చేస్తున్నామా?

తెల్లతోక:
పెద్దవి రెండు మూడే ఉన్నాయి సార్, అందుకే ముక్కలకి విలువ. 2000లో బుష్ ఫరెవర్ అని ప్రభుత్వం 287 చోట్లు గుర్తించింది, కలిపి సుమారు 51,200 హెక్టార్లు. తీరమైదానంలో ఒక్కో రకం అడవి కనీసం 10 శాతమైనా మిగలాలన్నది అప్పటి లక్ష్యం. పది శాతం, ఆలోచించండి, తొంభై పోయినా సర్దుకుంటాం అన్నట్టు. 2016లో స్వాన్ తీరమైదానపు బంక్సియా అడవుల్ని ఫెడరల్ చట్టం కింద అంతరించే ప్రమాదమున్న జాబితాలో పెట్టారు. నా సంగతంటే, నేను కార్నబీ నల్ల కాకటూల (పెద్ద చిలకజాతి పిట్టలు) కోసం తిరుగుతాను. అవి లోపల గోధుమ పొలాల వైపు ముసలి చెట్ల తొర్రల్లో గుడ్లు పెట్టి, పిల్లలు ఎగరగానే తీరం వైపు దిగుతాయి, ఇక్కడ బంక్సియా కాయలు ఒలుచుకు తింటాయి. ఆ ప్రయాణంలో మీ 60 హెక్టార్లు ఒక మజిలీ. దాన్ని తీసేస్తే పక్క మజిలీకి దూరం పెరుగుతుంది, అంతే, లెక్క చిన్నదే.

లెక్కలమనిషి:
జాబితాలో పేరుంటే చాలనుకోకండి. ఇక్కడి బీలియార్ చిత్తడి నేలల్లో రో 8 రోడ్డు కోసం 2016 డిసెంబర్‌లో యంత్రాలు దిగాయి, జనం ఎంత మొత్తుకున్నా ఆగలేదు. 2017 మార్చి ఎన్నికల్లో ప్రభుత్వం మారాకే పని ఆగింది. అప్పటికి కొట్టేసిన పట్టీని మళ్లీ అడవి చేయడానికి విడిగా పదేళ్ల ప్లాన్ రాసుకోవాల్సి వచ్చింది. కొట్టడానికి వారాలు.

కుక్కపిల్ల_నాన్న:
సరే, అయితే అందరం కలిసి చెట్లు నాటుదామా? నేను వస్తాను, శనివారాలు ఖాళీయే.

బంక్సియా_నీడ:
నాటడం ఆఖరి పని అన్నా, మొదటిది కాదు. అరవైల్లో సిడ్నీలో బ్రాడ్లీ అక్కచెల్లెళ్లు ఇద్దరు, జోన్, ఐలీన్, వాళ్ల ఇంటి దగ్గరి అడవిలో చేతులతో కలుపు తీస్తూ ఒక పద్ధతి కనిపెట్టారు. అందరూ ఘోరంగా ఉన్నచోట మొదలుపెడతారు కదా, వాళ్లు తిరగేశారు. బాగున్న చోట మొదలుపెట్టి, అక్కడున్న నాలుగు కలుపు మొక్కలు తీసి, మెల్లిగా అంచు వైపు జరగాలి. నేలని తక్కువ కెలకాలి. అడవి తనంతట తాను ఆ ఖాళీలోకి పెరిగే వేగం కన్నా ముందుకి మనం పోకూడదు. ఓపిక కావాలి, ఫొటోలో ఏమీ కనపడదు, అందుకే గ్రాంట్లు రావు. మీ డ్రాఫ్టులో మొదటి ఏడాది పని ఎక్కడ చూపించారు?

ఇసుకదారి:
కార్ పార్కింగ్ పక్కన. అన్నిటికన్నా పాడైన చోటు.

బంక్సియా_నీడ:
అనుకున్నా. అందరికీ కనపడే చోటు కదా.

సున్నపురాయి:
నాటాల్సిన చోట్ల కూడా విత్తనం ఎక్కడిది అన్నది అడగండి. ఇక్కడి చలికాలపు వాన 1970ల నుంచీ తగ్గుతూ వస్తోంది, 2023-24 వేసవి తర్వాత కొండల్లో, తీరాన చెట్లు ఎలా గోధుమరంగుకి తిరిగాయో అందరం చూశాం. కొందరు ఇదే పార్కు విత్తనమే వాడాలంటారు, కొందరు ఇంకా పొడిగా ఉండే ఉత్తరం వైపు నుంచి కొంత కలపాలంటారు. నాది రెండో పక్షం, కానీ కొంతే.

బంక్సియా_నీడ:
నేను మొదటి పక్షం. బయటి విత్తనంతో ఏం వస్తుందో తెలీకుండా కలిపేస్తే వెనక్కి తీయలేం. దీని మీద మనిద్దరం వేరే థ్రెడ్‌లో కొట్టుకుందాం. విత్తనాల మాట వచ్చింది కాబట్టి, పొగ పట్టించిన నీళ్లు చల్లితే ఇక్కడి చాలా గింజలు మొలకెత్తుతాయి, మంట అక్కర్లేదు. పొగలో ఆ పని చేసే పదార్థం ఏదో 2004లో పెర్త్‌లోనే పట్టుకున్నారు.

తెల్లతోక:
పిల్లుల గురించి ఒక్క ముక్క. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2011 చట్టం ప్రకారం ఆరు నెలలు దాటిన పిల్లికి చిప్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రాత్రి ఇంట్లో ఉంచడం మన చేతిలో పని. ప్లాన్‌లో రాయించడం కన్నా పక్కింటివాళ్లకి చెప్పడం తేలిక.

ఇసుకదారి:
సరే, రాత్రి కూర్చుని రాశాను. తగలబెట్టమన్న మాట తీసేశాను. మా ఆవిడ మాత్రం ఒక్కటి వదలొద్దంది, ఇళ్ల పట్టీలో గడ్డి ఏటా ఏ తేదీలోగా కోస్తారో, కోయకపోతే ఎవరికి ఫోన్ చేయాలో రాయమంది, అది మొదటి పాయింట్‌గా పెట్టా. తర్వాత రెండు మంటల మధ్య కనీస కాలం, మంట తర్వాతి చలికాలానికి పక్కనపెట్టిన డబ్బు, కీగరీ మ్యాపు ఏ ఏటిది, మట్టి పరీక్ష ఏ ఏటిది, పదకొండు దారుల్లో అసలువి ఎన్ని, పని కార్ పార్కింగ్ దగ్గర కాకుండా నడిమి లోయ దగ్గర ఎందుకు మొదలుపెట్టరు. నూంగార్ వాళ్ల గురించి అక్క చెప్పినట్టే అడిగా. మొత్తం పేజీన్నర.

లెక్కలమనిషి:
బాగుంది. ప్రతి పాయింట్ పక్కన డ్రాఫ్టులోని పేజీ నంబర్ వేయండి. పేజీ నంబర్ లేని కామెంట్‌ని "గమనించాం" అని పక్కన పెట్టేస్తారు, నేను పెట్టినవాణ్ణే.

రెండుచక్రాలు:
నా గట్టు గురించి ఎవరూ మాట్లాడలేదు.

తెల్లతోక:
మాట్లాడదామనే ఉన్నా తమ్ముడూ. ఆ గట్టు మలుపు దగ్గర ఇసుకలో కన్నాలు ఉంటాయి, చూశావా, గుప్పెడు మందం? అవి ఎలుకలవి కాదు. రెయిన్‌బో బీ-ఈటర్లనే పిట్టలవి. వసంతంలో ఉత్తరం నుంచి వచ్చి ఇసుకలో సొరంగం తవ్వి లోపల గుడ్లు పెడతాయి. ఇప్పుడు సరిగ్గా ఆ సీజనే. వెళ్లి ఒక అరగంట దూరంగా కూర్చుని చూడు, తర్వాత చెప్పు.

రెండుచక్రాలు:
ఎలుకలవే అనుకున్నాం ఇన్నాళ్లూ. ఒకటి పూడ్చాం కూడా, జంప్ కోసం.

రెండుచక్రాలు:
ఆదివారం వెళ్లా. ఆకుపచ్చ, తోకలో పొడుగ్గా రెండు ఈకలు, నోట్లో తేనెటీగతో కొమ్మ మీద వాలి అటూ ఇటూ చూసి కన్నంలోకి దూరింది. మొత్తం నాలుగు కన్నాలు, రెండు మా టైర్ల గాడిలోనే ఉన్నాయి. మావాళ్లకి గ్రూపులో ఫొటో పెట్టా, ఇద్దరు ఒప్పుకోలేదు, మిగతావాళ్లు ఏప్రిల్ దాకా అటు వెళ్లం అన్నారు. కార్ పార్కింగ్ పక్కన పాడైన చోటు ఉందన్నారుగా, అక్కడ ట్రాక్ అడుగుతూ నేను కూడా రాస్తున్నా. పేజీ నంబర్ ఎంత అన్నా అది?

ఇసుకదారి:
73. రాశాక నాకు పంపు, కలిపి చూద్దాం. గడువు శుక్రవారం సాయంత్రం అయిదు.